ఉన్నవాడికే ఊతకర్ర

1995లో కెనాన్ కంపెనీ 75-300 మిల్లీమీటర్ల జూమ్ లెన్సు ఒకటి తెచ్చింది. పట్టుకున్నవాడి చెయ్యి ఎటు వణుకుతోందో లోపలి గైరో సెన్సర్లతో పసిగట్టి, కొన్ని గాజు బిళ్లలను ఎదురు దిక్కుకు జరిపి, బొమ్మను నిలబెట్టడం దాని ప్రత్యేకత. లెన్సులు మార్చుకునే ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల చరిత్రలో అలాంటి లెన్సు అదే మొదటిది. సరిగ్గా 30 ఏళ్ల తర్వాత, 2025లో, అదే కంపెనీ తన కొత్త మిర్రర్‌లెస్ కెమెరాల కోసం మళ్లీ 75-300 తెచ్చింది. ఈసారి అందులో వణుకు ఆపే ఏర్పాటు లేదు. ముప్పై ఏళ్లు బుర్రలు బద్దలు కొట్టుకుని, కనిపెట్టినదాన్నే పీకేశారన్నమాట. ఈ ప్రగతికి మనం కట్టాల్సిన బిల్లు మాత్రం జీఎస్టీతో సహా వస్తుంది.

వ్యాపారం కదా, ఎక్కడో ఒకచోట కోత పెట్టాలి. ఆ కోత ఎవరి మీద పెట్టారో చూడండి. లక్షలు పోసి తెల్ల లెన్సు కొనేవాడి మీద కాదు. అతని లెన్సులో ఒక స్టెబిలైజర్, అతని కెమెరా బాడీలో ఇంకో స్టెబిలైజర్, రెండూ కూడబలుక్కుని మరీ వణుకు ఆపుతాయి. అది చాలక ట్రైపాడ్ ఉంది, దాని మీద గింబల్ హెడ్ ఉంది, మొత్తం మోయడానికి ఓ మనిషి ఉన్నాడు. కత్తెర పడింది ఆర్100 లాంటి కింది మెట్టు కెమెరా కొన్నవాడి మీద. ఆ బాడీలో స్టెబిలైజర్ మొదటి నుంచీ లేదు. దానికి జతగా అమ్మే చౌక జూమ్‌లోనూ లేకుండా చేశారు. మోచేతులు ఎక్కడ ఆనించాలో తెలియక, షటర్ నొక్కేటప్పుడు ఊపిరి బిగబట్టాలో వదలాలో తేల్చుకోలేక నిలబడ్డ కొత్తవాడికి కంపెనీ చెప్పిన మాట ఒక్కటే: నీ చేతులే నీకు దిక్కు. ఎవరి చెయ్యి ఎక్కువ వణుకుతుందో వాళ్లకే ఆసరా లేదు. బాగా నిలబడగలిగినవాడికి రెండేసి ఊతకర్రలు.

నికాన్ వారు ఈ విద్యలో అంతకు ముందే ఆరితేరారు. 2016లో ఏఎఫ్-పీ డీఎక్స్ 70-300 పేరుతో కవలల్ని కన్నారు. రంగు ఒకటే, ఒడ్డూ పొడుగూ ఒకటే. ఒకరి పేరు చివర వీఆర్ అని ఉంటుంది, ఇంకొకరికి ఉండదు. వీఆర్ అంటే వాళ్ల స్టెబిలైజర్. అమెరికా మార్కెట్లో ఇద్దరి మధ్య ధర తేడా 50 డాలర్లు. తూకంలో తేడా 15 గ్రాములు. బొమ్మను నిలబెట్టే సరంజామా మొత్తం 15 గ్రాముల్లో సర్దగలిగిన ఇంజినీర్లు ఉన్న కంపెనీ అది. ఆ 15 గ్రాములు ఊడబెరికి, మిగిలినదాన్ని కొత్తవాళ్లకు అనువైన లెన్సు అన్నది. పెట్టె మీద 70-300 అని లావుగా ఉంటుంది. వీఆర్ లేదని ఎక్కడా ఉండదు, లేనిదాన్ని ఎవరు అచ్చేస్తారు? కవలల్లో ఏ ఒక్కరికీ ఒంటి మీద స్విచ్చు కూడా లేదు. వీఆర్ ఉన్నదానికి కూడా కెమెరా మెనూలోకి పోయి ఆన్, ఆఫ్ చేసుకోవాలి. చేతిలో పట్టుకుని ఎంత తిప్పి చూసినా, పేరు చివరిదాకా చదవనిదే ఎవరు ఎవరో కన్నతల్లి కూడా చెప్పలేదు.

ఈ ధరలో ఇంతకన్నా ఇవ్వలేం అనే సాకు ఉంది. అదీ చెల్లదు. 2006లో పెంటాక్స్ కే100డీ, సోనీ ఏ100 అనే రెండు కెమెరాలు వచ్చాయి. రెండూ కింది మెట్టువే, రెండింటిలోనూ స్టెబిలైజర్ బాడీలోనే ఉంది. తాతల కాలం లెన్సు తగిలించినా వణుకు ఆగేది. ఇరవై ఏళ్ల కింద సాధ్యమైనది ఇవాళ సాధ్యం కాదంటే నమ్మడానికి మనం సిద్ధంగా ఉన్నామని వాళ్లకు తెలుసు. అంతదాకా ఎందుకు, ఇప్పుడు 20 వేల రూపాయల ఫోన్లోనే ఓఐఎస్ ఉంటోంది. టిఫిన్ ప్లేటును, టీ గ్లాసును తీసే వెడల్పాటి లెన్సుకు స్టెబిలైజర్ ఉన్నది. నూరు గజాల అవతలి జంతువును కళ్ల ముందుకు లాగాల్సిన జూమ్‌కు లేదు. లాగిన కొద్దీ జంతువుతో పాటు చేతి వణుకు కూడా అన్నే రెట్లు పెద్దదవుతుందన్న చిన్న సంగతి తెలిసినవాళ్లే ఈ పని చేశారు. తెలియక చేసి ఉంటే క్షమించేవాళ్లం.

టామ్రాన్ తక్కువ తినలేదు. 2020లో సోనీ మిర్రర్‌లెస్ కెమెరాలకు తెచ్చిన 70-300లో స్టెబిలైజర్ లేదు. లెన్సు మంచిది, పదునైనది, కాదనను. ఖరీదైన ఫుల్‌ఫ్రేమ్ సోనీ బాడీలో స్టెబిలైజర్ ఉంటుంది కాబట్టి ఆ ఇంట్లో దానికి ఏ లోటూ లేదు. ఏ6400 లాంటి చిన్న బాడీ ఉన్నవాడు అదే లెన్సు తగిలిస్తే రెండు వైపులా ఖాళీ. కథ మళ్లీ అదే.

కంపెనీల భాగోతం ఇదైతే, రెండో అంకం మన నల్లమలలో నడుస్తుంది. నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యంలో తెలంగాణ వాటాకు వచ్చిన భాగం రాష్ట్ర విభజన తర్వాత అమ్రాబాద్ టైగర్ రిజర్వ్ అయింది. నాగర్‌కర్నూల్, నల్లగొండ జిల్లాల్లో 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న అడవి. హైదరాబాద్ నుంచి శ్రీశైలం పోయే రోడ్డు దాని నడుమ నుంచే పోతుంది. రాత్రి 9 నుంచి తెల్లారి 6 దాకా ఆ దారిలో బండ్లు పోనివ్వరు. అందుకని శనివారాలు, ఆదివారాలు చీకటితోనే మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర కార్లు బారులు తీరి ఉంటాయి. సగం మంది మల్లన్న దర్శనానికి. మిగిలిన సగంలో కొందరు ఫరహాబాద్ గేటు దగ్గర సఫారీ జీపు ఎక్కి పులి దర్శనానికి. ఈ రెండో రకం భక్తుల మెడలో రుద్రాక్షలకు బదులు కెమెరా పట్టీ ఉంటుంది, దాని చివర కొత్త జూమ్ ఉంటుంది, దాని మూతికి దుకాణంవాడు అతికించిన స్టిక్కర్ ఇంకా ఊడి ఉండదు.

ఆ జూమ్ ఎప్పుడు కొన్నారో అడగండి. ఆగస్టు 15 ఆఫర్లో. జూలై నుంచి సెప్టెంబరు దాకా వానాకాలం విరామమని పులుల అడవుల్లో సఫారీలు మూసేస్తారు. ఆఫర్ మంచి పదును మీద ఉన్న రోజుల్లో అడవికి తాళం, అడవి తెరిచే రోజుకు ఆఫర్‌కు తాళం. లెన్సు కొన్నవాళ్లు ఆ నడుమ నెలన్నర బాల్కనీ మీది పావురాల మీద సాధన చేస్తారు. పావురం ఎండలో కూర్చుంటుంది, ఫొటో చక్కగా వస్తుంది. స్టెబిలైజర్ లేకున్నా ఏం కాదన్న ధైర్యం అక్కడ పుడుతుంది.

ధైర్యానికి విత్తనం పడేది మాత్రం కోఠీలో. కెమెరా కావాలంటే హైదరాబాద్‌లో ముందు తలిచేది గుజరాతీ గల్లీనే. ఏ దుకాణమైనా సరే, కౌంటర్ దగ్గర నిలబడి వింటే సంభాషణ ఇంచుమించు ఇట్లా నడుస్తుంది.

"ఎటు తీస్కపోతున్నరు సార్?"

"అమ్రాబాద్. సఫారీకి."

"పులి కోసమా! అయితే మూడొందలు లేకుంటే నడవదు సార్. ఆ రెండొందల యాభైది పిల్లగాళ్ల బర్త్‌డేలకు."

"దీంట్ల స్టెబిలైజర్ ఉందా?"

"అది వీడియోలు తీసేటోళ్లకు సార్. మీది చూడున్రి, చెయ్యి ఎంత స్టడీగ ఉందో!"

ఇక్కడ కొనేవాడు తన చెయ్యి చూసుకుంటాడు. నిజమే, స్టడీగానే ఉంది. లెన్సు లేని చెయ్యి ఎవరిదైనా స్టడీగానే ఉంటుంది. భార్య, బాసు, బ్యాంకు మేనేజరు ఎవరూ పొగడని చేతిని తొలిసారి ఒకరు పొగిడారు. ఇంకేముంది, కార్డు గీకేస్తాడు. స్టెబిలైజర్ లేనందుకు మిగిలిన డబ్బు కూడా ఇంటికి పోదు. యూవీ ఫిల్టర్, లెన్స్ పెన్, ఓ సంచీ, మూడు కాళ్లూ మూడు దిక్కులకు పోయే ప్లాస్టిక్ ట్రైపాడ్ కలిపి దుకాణంవాడే లెక్క సరిచేస్తాడు. ఆ సామానుకు పెట్టిన డబ్బుతో వీఆర్ అనే రెండక్షరాలు వచ్చేవి.

ఇక 300 పిచ్చి సంగతి. 60 మీటర్ల దూరంలో ఉన్న దుప్పి 300 లెన్సులో ఎంత కనిపిస్తుందో, 50 మీటర్ల దూరంలో ఉన్నది 250లో అంతే కనిపిస్తుంది. ఆ పది మీటర్ల కోసం మనిషి స్టెబిలైజర్‌ను వదులుకుంటున్నాడు. ఇంటికొచ్చి కంప్యూటర్లో అంచులు కాస్త కత్తిరిస్తే 250 బొమ్మ 300 బొమ్మ అవుతుంది. వణికిన బొమ్మను ఎంత కత్తిరించినా వణుకే మిగులుతుంది. అయినా 250 ఉన్నవాడు 300 ఉన్నవాడి ముందు తలొంచుకు తిరుగుతాడు. జీపులో పక్కవాడి లెన్సు మీద అంకె చదివి, తన లెన్సు మీద అంకె కనబడకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకునేవాళ్లు ఉన్నారు. ఈ అంకెల రోగం అపార్టుమెంటు చదరపు అడుగుల్లో, ఎంసెట్ ర్యాంకుల్లో పుట్టి పెరిగినవాళ్లకు కొత్తది కాదులెండి.

జీపు కదిలింది. తూర్పున ఎరుపు ఇంకా పూర్తిగా తేలలేదు. వెనక సీట్లో కొత్త 300 సారు, ముందర డ్రైవర్ పక్కన చెంచు గైడు. వంపు దగ్గర గైడు చెయ్యెత్తాడు, బండి ఆగింది.

"సార్, గటు సూడున్రి. ఏరుమద్ది మొదట్ల కణితి నిలబడ్డది."

"ఎక్కడన్నా?"

"గా మద్ది మొదట్లనే సార్. చెవులు ఆడిస్తున్నది."

కణితి అంటే సాంబార్ జింక. సారు కెమెరా కన్నుకు ఆనించుకుని జూమ్ చివరిదాకా తిప్పేశాడు. ఆ గాజులో ఇప్పుడు అడవి మొత్తం ఊగుతోంది. మద్దిచెట్టు ఎడమ నుంచి కుడికి పోయింది, ఒక పుట్ట వచ్చింది, ఎండుటాకులు వచ్చాయి, మళ్లీ మద్దిచెట్టు వచ్చి పోయింది. ఫోకస్ చదరం జంతువు మీద ఆగాలి కదా, అది ముందున్న కొమ్మ మీద ఒకసారి, వెనక పొద మీద ఒకసారి వాలి, లెన్సు ముందుకూ వెనక్కూ గుర్రుమంటూ తిరిగింది. గైడు ఏ గాజూ లేకుండా కణితి చెవి ఏ పక్కకు తిరిగిందో చెబుతున్నాడు. సారు 300 మిల్లీమీటర్ల గాజు పెట్టుకుని కణితే లేదంటున్నాడు. దానికి ఓపిక నశించి లోపలికి పోయింది. సారు పట్టుకొచ్చిన ఫొటోల్లో ఏరుమద్ది చెట్టు పక్కన బూడిదరంగు మరక ఒకటి ఉంది, పలక మీద సుద్దరాతను తడిచేత్తో తుడిచినట్టు.

దుకాణంవాడు చెప్పనిది, కొనేవాడు అడగనిది సరిగ్గా ఈ గాజులోని ఊపు. లెన్సులో ఉండే స్టెబిలైజర్ ఫొటోను మాత్రమే కాదు, డీఎస్‌ఎల్‌ఆర్ కంటిగూట్లో కనిపించే బొమ్మను కూడా నిలబెడుతుంది. షటర్ సగం నొక్కగానే ఊగుతున్న అడవి ఒక్కసారి కుదురుకుంటుంది. జంతువును వెతకడం, దొరికినదాని కంటి మీద ఫోకస్ చదరం ఉంచడం అప్పుడే కుదురుతాయి. కొత్తవాడికి అసలు లాభం ఇది. ఎన్ని స్టాపుల లాభం అని బ్రోషర్లలో వేసే అంకె దీని తర్వాతి మాట.

ఆ అంకె కూడా చూద్దాం, తప్పించుకోలేం. చేత్తో తీసేటప్పుడు లెన్సు ఎన్ని మిల్లీమీటర్లో సెకనులో అన్నో వంతు వేగమైనా పెట్టాలన్నది పాత లెక్క. చిన్న సెన్సర్ కెమెరాలో 300 అంటే 450తో సమానం కాబట్టి 1/500 కావాలి. ఫరహాబాద్ చెట్ల నీడల్లో, పొద్దు పూర్తిగా లేవని వేళ, ఈ చౌక జూమ్‌ల్లో చాలావాటి చివరి ద్వారం ఎఫ్ 6.3 దగ్గర ఐఎస్‌ఓ 1600 పెట్టినా 1/100 రావడమే గగనం. 1/500 కావాలంటే ఐఎస్‌ఓ 6400 దాటించి దుప్పి చర్మం మీద దేవుడు పెట్టని చుక్కలు కూడా పెట్టించుకోవాలి. మూడు స్టాపుల స్టెబిలైజర్, అంటే వేగాన్ని మూడుసార్లు సగం చేసినా తట్టుకునేది, ఉంటే 1/60 దాకా చెయ్యి వణుకుతో పని లేదు. అడవి జంతువు బయట తిరిగేది పొద్దునా మాపే. మిట్టమధ్యాహ్నం ఎండలో 1/1000 దొరుకుతుంది నిజమే, కాని ఆ వేళకు దుప్పులు నీడ చూసుకుంటాయి, పులి నీళ్లు చూసుకుంటుంది, ఎండలో నిలబడి పోజిచ్చేది మనిషి ఒక్కడే.

అట్లాగని స్టెబిలైజర్ కొన్నవాళ్లంతా బుద్ధిమంతులని ఎవరూ అనుకోవద్దు. వాళ్లలో ఒక తెగ ఉంది, కెనాన్ స్టెబిలైజర్ ఐఎస్‌ను ఆన్ చేస్తే పులి కూడా ఆగుతుందని నమ్మే తెగ. ఆ యంత్రం ఆపేది మీ చేతిని, దుప్పి కాళ్లను కాదు. 1/60 పెట్టి పరుగెత్తే దుప్పిని తీస్తే మద్దిచెట్టు బెరడు పలక పలకా కనిపిస్తుంది, దుప్పి మాత్రం గాలిలో కలిసిపోతుంది. పరుగెత్తేదానికి, ఎగిరేదానికి 1/1000 కావాలి. ఆ వేగంలో స్టెబిలైజర్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. ఇంకొందరు జీపు ఇంజిన్ గడగడలాడుతుంటే దాని ఊపును కూడా లెన్సే చూసుకుంటుందని కూర్చుంటారు. డ్రైవరన్నను ఇంజిన్ బంద్ చేయమంటే చాలు, అది ఏ కంపెనీ స్టెబిలైజర్ చేయలేని పని. పక్క సీటాయన సెల్ఫీకి లేచి నిలబడితే జీపు జీపంతా ఊగుతుంది. ఆయన్ని ఆపే స్టెబిలైజర్ ఇంకా మార్కెట్లోకి రాలేదు.

ఈ రెండు తెగలకూ పైన గురువులుంటారు. "మా రోజుల్లో ఐఎస్ లేదు, వీఆర్ లేదు, చెయ్యే ట్రైపాడ్" అంటూ మొదలుపెడతారు. నిజమే గురువుగారూ, మీ రోజుల్లో లేదు. మీ ఆల్బమ్‌లో ఉన్నవి నిలబడ్డ ఫొటోలు, వణికినవి ప్రింటు చేతికొచ్చిన రోజే చెత్తబుట్టలో పడ్డాయి. లెక్క చెప్పేటప్పుడు చెత్తబుట్టను కూడా కలపాలి. పైగా అప్పట్లో అడవికి పోయినవాళ్ల జట్టులో ఇనుప దుంగలాంటి ట్రైపాడ్ ఉండేది, దాని పక్కన రోజుల తరబడి కూర్చునే తీరిక ఉండేది. ఇప్పటివాడికి ఆదివారం సెలవు, రెండు మూడు గంటల సఫారీ, సోమవారం ఉదయం స్టాండప్ మీటింగ్. సాధన చేయమని అతనికి చెప్పడం సులువు. ఆ గురువులే ఈ మధ్య లెన్సులోనూ బాడీలోనూ స్టెబిలైజర్ ఉన్న కెమెరాలకు మారారు, ఆ సంగతి క్లాసులో చెప్పరు.

పులి ఫొటోల విషయానికి వస్తే, అమ్రాబాద్ పులుల ఫొటోలు అందరికన్నా ఎక్కువ తీసిన ఫొటోగ్రాఫర్ చెట్టుకు కట్టిన ఓ డబ్బా. కెమెరా ట్రాప్ అంటారు. మోకాలి ఎత్తున, దారికి అటొకటి ఇటొకటి కట్టి పోతారు. వేడి ఉన్న ఒళ్లు ముందు నుంచి కదలగానే అదే నొక్కుకుంటుంది. రెండు పక్కలా చారలు పడతాయి, ఆ చారల్ని బట్టే పులుల్ని లెక్కిస్తారు. దానికి జూమ్ లేదు, స్టెబిలైజర్ లేదు, ఇన్‌స్టాగ్రామ్ ఖాతా లేదు. చెట్టు వణకదు కాబట్టి దానికి వణుకు బాధ లేదు. ఆ డబ్బాలను భుజాన వేసుకుని ఏ వాగు పక్కన ఏ మలుపులో కట్టాలో దారి చూపేవాళ్లలో చెంచులు ఉన్నారు. అటవీశాఖకు వాచర్లుగా, సందర్శకులకు గైడ్లుగా ఈ అడవికి కళ్లు వాళ్లవే. పులుల కోసం అడవి నడిబొడ్డులోని పెంటలు, అంటే చెంచు గూడేలు, ఖాళీ చేసి పోతే కుటుంబానికి 15 లక్షలిస్తామని ప్యాకేజీ చూపిస్తున్నది కూడా వాళ్లకే. నిలకడ ఉన్నవాళ్లను కదలమంటున్నారు, వణికేవాళ్లకు టికెట్ ఇచ్చి లోపలికి పంపుతున్నారు.

వణికిన ఫొటోలతో ఊరు చేరినవాడు ఊరికే ఉంటాడా? బూడిదరంగు మరకకు "నల్లమల ఆత్మ" అని పేరు పెట్టి పోస్టు చేస్తాడు. కింద ఎవరో "ఆర్టిస్టిక్ బ్లర్, సూపర్ బ్రో" అంటారు. అట్లా అననివాడు ఉంటే, బొమ్మను పదును పెట్టే ఏఐ యాప్‌లో వేస్తాడు. యాప్‌కు కణితి తెలియదు, ఏరుమద్ది తెలియదు, అయినా పాపం కష్టపడి వెంట్రుక వెంట్రుకా కల్పించి పెడుతుంది. ఒక్కోసారి మరకకు కళ్లు కూడా పుడతాయి. లెన్సులో 15 గ్రాములు మిగుల్చుకున్నందుకు జంతువునే కొత్తగా తయారు చేసుకోవాల్సి వచ్చింది. ఆ జంతువు అమ్రాబాద్‌లో లేదు, ఏ అడవిలోనూ లేదు, దాన్ని లెక్కించే బాధ అటవీశాఖకూ లేదు.

ఇంకో ముచ్చట. పులి కోసం కొన్న ఈ లెన్సులకు ఎక్కువగా చిక్కేది శ్రీశైలం రోడ్డు మీది కోతి. యాత్రికులు అరటిపండ్లు విసిరి అలవాటు చేసిన కోతి దూరంగా ఉండదు, బానెట్ ఎక్కి కూర్చుంటుంది. కెనాన్ 75-300 మరీ దగ్గరున్నదాని మీద ఫోకస్ కాదు. కోతిని కాస్త వెనక్కి జరగమని చెప్పాలంటే ఇంకో అరటిపండు కావాలి. అది మాత్రం విసరకండి.

సరే, తిట్టడం అయింది. చేతిలో పాతిక వేలున్న మనిషి ఏం చేయాలి? నా తీర్పు దాపరికం లేనిది: కెమెరా బాడీలో స్టెబిలైజర్ లేకపోతే, స్టెబిలైజర్ లేని జూమ్ ఊరికే ఇచ్చినా తీసుకోవద్దు. కెనాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఉంటే 2013లో వచ్చిన ఈఎఫ్-ఎస్ 55-250 ఐఎస్ ఎస్‌టీఎమ్ కన్నా మంచి బేరం లేదు. కొత్తది దొరక్కపోతే సెకండ్‌హ్యాండ్‌లో వెతకండి, 300 కాదని ఎవడైనా నవ్వితే నవ్వనివ్వండి. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌కు పైన చెప్పిన కవలల్లో వీఆర్ ఉన్నది. మీ బాడీ మరీ పాతదైతే ఏఎఫ్-పీ లెన్సులు దాని మీద ఫోకస్ కావు, అప్పుడు 55-300 వీఆర్ చూసుకోండి. మిర్రర్‌లెస్ వాళ్లకు నికాన్ 50-250 వీఆర్ ఉంది. చిన్న బాడీలో ఇవ్వనిదాన్ని లెన్సులోనైనా ఇచ్చినందుకు ఆ ఒక్కదానికీ నికాన్‌కు దండం. సోనీకి 55-210 ఓఎస్‌ఎస్. వీఆర్, ఐఎస్, ఓఎస్‌ఎస్, టామ్రాన్‌లో వీసీ, సిగ్మాలో ఓఎస్, ఎవరి అక్షరాలు వారివి, పని మాత్రం ఒకటే. బాడీలోనే స్టెబిలైజర్ ఉన్నా, మీరు తీసేది పట్టపగలు ఎగిరే పక్షుల్నే అయినా, పెద్ద ట్రైపాడ్ మోసే నడుము ఉన్నా, స్టెబిలైజర్ లేని చౌక లెన్సు దర్జాగా కొనుక్కోండి, మీతో నాకు పేచీ లేదు.

పాత నికాన్ ఏఎఫ్ 70-300 జీ అనేది సెకండ్‌హ్యాండ్‌లో అగ్గువకు దొరుకుతుంది, నోరూరిస్తుంది. అందులో స్టెబిలైజర్ లేదు సరే, మోటారు కూడా లేదు. డీ3000, డీ5000 వరస బాడీల మీద ఫోకస్ మీరే చేత్తో తిప్పుకోవాలి. వణుకుతూ, తిప్పుతూ, పులి కోసం చూస్తూ.

అన్నిటికన్నా చౌక స్టెబిలైజర్ పాలమూరు అంగడిలోనే ఉంది. గట్టి గుడ్డ సంచీలో కందులు పోసి మూతి కుట్టించండి. జీపు కమ్మీ మీద దాన్ని పరిచి, లెన్సును అందులో కాస్త కుదురుగా అదిమి పెట్టండి, ఇంజిన్ ఆపించండి. బ్యాటరీ అక్కర్లేదు, మెనూ అక్కర్లేదు, ఆగస్టు 15 దాకా ఆగక్కర్లేదు. స్టెబిలైజర్ ఉన్న లెన్సుకు కూడా ఇది తోడుంటే మరీ మంచిది. పులి కనబడకపోతే ఇంటికొచ్చి పప్పు వండుకోవచ్చు, ఆ సౌకర్యం ఏ కంపెనీ ఇవ్వడం లేదు.

కొనబోయే ముందు ఒక్క పని చేయండి. పాతదైనా కొత్తదైనా, లెన్సును మీ కెమెరాకే తగిలించుకుని దుకాణం గుమ్మంలోకి రండి. జూమ్ చివరిదాకా తిప్పండి, షటర్ వేగం 1/60 పెట్టండి. దేనికీ ఆనుకోకుండా, ఎదురు దుకాణం బోర్డు మీది ఫోన్ నంబరును ఓ పది సార్లు తీయండి. తెర మీద పెద్దది చేసి చూడండి. సగం బొమ్మల్లోనైనా పది అంకెలూ చదవగలిగితే డబ్బు కట్టండి. చదవలేకపోతే లెన్సు కౌంటర్ మీద పెట్టి, దుకాణంవాడు మీ చేతిని ఎంత పొగిడినా వినిపించుకోకుండా మెట్లు దిగి వచ్చేయండి.